నిజాం రైల్వే: పూచీ హైదరాబాద్‌ది, పెత్తనం లండన్‌ది

వరంగల్, కాజీపేట వైపు నిజాం రైల్వే ప్రస్తావన వస్తే మామూలుగా రెండు వాదనలు వినిపిస్తాయి. నిజాం ప్రభువు ప్రజల కోసం రైలు వేయించాడని కొందరంటారు. ఇంగ్లీషువాళ్లు రాకపోతే ఇక్కడికి పట్టాలే వచ్చేవి కావని ఇంకొందరంటారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది కానీ అసలు సంగతి ఆ రైల్వేని నడిపిన లండన్ కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో ఉంది. నష్టం వస్తే భరిస్తామని పూచీ పడింది హైదరాబాద్ ఖజానా, అంటే శిస్తు కట్టిన రైతు. ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి, ఏ సరుకు ఎక్కించాలి అన్నవి తేల్చింది లండన్‌లో కూర్చున్న వాటాదారులు, వాళ్ల వెనక ఉన్న బ్రిటిష్ ప్రభుత్వం. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఉత్తర తెలంగాణ రైల్వే మ్యాప్ ఇప్పటికీ అలా వంకరగా ఎందుకుందో చాలావరకు అర్థమవుతుంది.

కథ మొదలైంది వరంగల్‌లో కాదు, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న వాడిలో. బొంబాయి నుంచి వచ్చే లైనూ మద్రాసు నుంచి వచ్చే లైనూ 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ పెద్ద లైను నిజాం రాజ్యంలోంచే, గుల్బర్గా మీదుగా పోతోంది కానీ రాజధానికి మాత్రం దూరంగా ఉండిపోయింది. సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైన్యం పెద్ద ఎత్తున ఉండేది. 1857లో కోఠిలోని రెసిడెన్సీ, అంటే బ్రిటిష్ ప్రతినిధి ఉండే భవనం మీదే దాడి జరిగింది కాబట్టి, అవసరమైతే బొంబాయి నుంచి పటాలాలను గంటల్లో దింపగలగాలన్న ఆలోచన కలకత్తాలోని ప్రభుత్వానికి బలంగా ఉండేది. అలా వాడి నుంచి సికింద్రాబాద్‌కు బ్రాడ్‌గేజ్ లైను వేసి 1874 అక్టోబర్‌లో తెరిచారు. అప్పటికి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఎనిమిదేళ్ల పిల్లవాడు, పాలన అంతా దివాను మొదటి సాలార్ జంగ్ చేతిలో ఉండేది. డబ్బు హైదరాబాద్ ప్రభుత్వం పెట్టుకుంది, అజమాయిషీ మాత్రం బ్రిటిష్ వాళ్ల చేతికే పోయింది.

ఆ లైను పెద్దగా సంపాదించలేదు. ఒక కొస మూసుకుపోయిన కొమ్మలైను, దారిలో ఎక్కువ భాగం మెట్ట ప్రాంతం, రాజధానికి అవతల తూర్పున ఉన్న వరి, పత్తి, ఆముదం పండే తెలంగాణతో దానికి సంబంధమే లేదు. లాభం రావాలంటే లైను తూర్పుకి, సముద్రం వైపుకి పోవాలి. అందుకు డబ్బు కావాలి. ఆ డబ్బు కోసం వెతుకులాటలోనే గ్యారంటీ కంపెనీ పుట్టింది.

గ్యారంటీ అంటే ఏమిటో ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే మిగతా కథంతా దాని మీదే నడిచింది. 1883లో లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే కంపెనీ అక్కడి మార్కెట్లో పెట్టుబడి సేకరిస్తుంది, పాత వాడి లైనును కూడా తన చేతిలోకి తీసుకుంటుంది, కొత్త లైన్లు వేస్తుంది. పెట్టుబడి మీద ఏడాదికి 5 శాతం వడ్డీ వచ్చేలా హైదరాబాద్ ప్రభుత్వం 20 ఏళ్ల పాటు పూచీ పడుతుంది. అంటే వంద రూపాయల పెట్టుబడి మీద రైలు నికరంగా ఐదు రూపాయలు సంపాదిస్తే సరే, మూడే వస్తే మిగతా రెండూ ఖజానా కట్టాలి, ఏమీ రాకపోతే ఐదూ ఖజానాయే కట్టాలి. వాటాదారుడికి రిస్క్ లేదు. ఖర్చు తగ్గించుకోవాలన్న ఒత్తిడి కంపెనీకి లేదు, ఎందుకంటే ఖర్చు పెరిగితే పెట్టుబడి పెరుగుతుంది, దాని మీద కూడా అదే ఐదు శాతం ఖాయంగా వస్తుంది. బ్రిటిష్ ఇండియాలో అంతకు ముందే ఈ పద్ధతితో చేతులు కాల్చుకున్నారు. ఒక సంస్థానం మీద మళ్లీ అదే భారం మోపడం అప్పట్లోనే చాలామందికి అన్యాయంగా కనిపించింది, అది అన్యాయమే.

దీనికి తోడు మారకం రేటు దెబ్బ ఒకటి. కంపెనీ లండన్‌ది, పెట్టుబడి పౌండ్లలో, వడ్డీ కట్టాల్సిందీ పౌండ్లలోనే. ఇక్కడ వసూలయ్యేది నిజాం సొంత రూపాయి హాలీ సిక్కా, అది వెండి నాణెం, విలువలో బ్రిటిష్ కల్దార్ రూపాయి కంటే కూడా తక్కువ. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే ప్రపంచమంతా వెండి ధర పడిపోతూ వచ్చింది. 1870ల మొదట్లో దాదాపు రెండు షిల్లింగులు పలికిన బ్రిటిష్ రూపాయి 1890ల నడుమకి షిల్లింగు పైచిలుకుకి దిగిపోయింది. ఇక్కడ శిస్తు రేటు మారకపోయినా, పంట తగ్గకపోయినా, లండన్‌కి కట్టాల్సిన బాకీ మాత్రం వెండి లెక్కన ఏటేటా బరువెక్కింది. రైలు ఎక్కని రైతు, రైలంటే ఏమిటో చూడని ఊరు కూడా ఆ బరువు మోసినట్టే.

దీన్ని ప్రశ్నించినవాళ్లు లేరా అంటే ఉన్నారు, వాళ్లని ఏం చేశారన్నది ఈ చరిత్రలో గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన భాగం. ఒప్పందంలో అనుకున్న లైన్లలో ఒకటి వరంగల్ వైపు నుంచి ఉత్తరంగా చాందా వరకు, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్ వరకు పోవాలి. అందుకే ఈ గొడవకి చాందా రైల్వే ఆందోళన అని పేరు వచ్చింది. 1883 ఫిబ్రవరిలో సాలార్ జంగ్ కలరాతో హఠాత్తుగా చనిపోయాడు, నిజాం ఇంకా మైనర్, అలాంటి సందులో ఇంత పెద్ద ఒప్పందం ఎందుకు తొందరపడి చేస్తున్నారు, షరతులేమిటో ప్రజలకి చెప్పండి అని హైదరాబాద్‌లో కొందరు చదువుకున్నవాళ్లు అడిగారు. వాళ్లలో ముందున్నవాళ్లు విద్యావేత్త డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడి తండ్రి, ఆయనతో పాటు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. రైలు వద్దని వాళ్లు అనలేదు. లెక్క చూపించమన్నారు, అంతే. అఘోరనాథ్‌ని ఉద్యోగంలోంచి తప్పించి, 1883 మేలో రాజ్యం నుంచే పంపేశారు. తర్వాత కొన్నాళ్లకి ఆయన తిరిగి వచ్చారు, అది వేరే సంగతి. హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ నిర్ణయం మీద బహిరంగంగా జరిగిన మొదటి ఆందోళనల్లో ఇదొకటని చరిత్రకారులు చెబుతారు. అది మతం కోసమో సింహాసనం కోసమో జరగలేదు, ఒక రైల్వే కంపెనీకి ఇచ్చిన పూచీ గురించి జరిగింది.

వాళ్ల అనుమానం ఉత్తదేమీ కాదని ఐదేళ్లలోనే తేలింది. లండన్‌లో రైల్వే ఒప్పందం నడిపించిన అధికారి సర్దార్ అబ్దుల్ హఖ్. ఇతనే 1886లో గనుల ఒప్పందం కూడా కుదిర్చాడు. దాంతో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే సంస్థకి రాజ్యంలో ఖనిజాలు తవ్వుకునే హక్కులు దక్కాయి. ఆ కంపెనీ వాటాల్లో చాలా భాగం ప్రమోటర్లు డబ్బు కట్టకుండానే తమ పేరిట రాసుకున్నారని, తర్వాత వాటినే మార్కెట్ ధరకి అమ్ముకున్నారని, కొన్న వాళ్లలో స్వయానా నిజాం ప్రభుత్వం కూడా ఉందని, ఆ కొనుగోలు అబ్దుల్ హఖ్ చేతుల మీదుగానే జరిగిందని బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. ఒక సంస్థానంలో గనుల వ్యవహారం మీద లండన్ పార్లమెంటు కమిటీ కూర్చుందంటే గొడవ ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. అడిగినవాళ్లని పంపేసి ఐదేళ్లు గడిచాక నిజం తెలిసింది.

ఈలోపు పట్టాలు పడుతూనే ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగా 1886లో వరంగల్‌కి లైను చేరింది. 1888లో డోర్నకల్ దాకా, అక్కడి నుంచి ఒక కొమ్మ ఇల్లెందు బొగ్గు వైపుకి. 1889లో బెజవాడ. కొత్తగా వేసిన లైనంతా మూడేళ్లలో తెరుచుకుంది. ఆ కాలానికి అది వేగమే. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాడు, 1889లో తవ్వకం మొదలైంది. కొమ్మలైను ముందు, తవ్వకం తర్వాత. అంటే ఇల్లెందుకి రైలు వెళ్లింది ఇల్లెందు జనం కోసం కాదు. రైలు ఇంజన్‌కి బొగ్గు కావాలి, ఆ బొగ్గు మోయడానికి రైలు కావాలి, ఈ రెండూ ఒకదాన్నొకటి పోషించుకునే ఏర్పాటు అది. దక్షిణాదిలో ఇంకెక్కడా ఇలాంటి బొగ్గు లేదు కాబట్టి మద్రాసు వైపు రైళ్లు కూడా ఈ బొగ్గు మీద ఆధారపడటం మొదలుపెట్టాయి. ఆ ఊరి పక్కనున్న సింగరేణి అనే పల్లె పేరు మొత్తం బొగ్గు పరిశ్రమకే పేరైంది.

ఈ లైను వల్ల ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్న లెక్క కూడా వేయాలి. రైలు రాకముందు కోస్తా ఉప్పు తెలంగాణకి, తెలంగాణ ధాన్యం బయటికి పోయింది బంజారాల ఎడ్ల మీద. వందల ఎడ్లని తోలుకుంటూ తండాలకి తండాలు నెలల తరబడి తిరిగేవి, వాళ్లు లేకపోతే సైన్యాలకి కూడా తిండి లేదు. బెజవాడ నుంచి ఉప్పు వ్యాగన్లలో రావడం మొదలయ్యాక ఆ పని క్రమంగా కూలిపోయింది. డోర్నకల్, గార్ల, మానుకోట చుట్టూ ఉన్న లంబాడీ తండాల పక్క నుంచే ఈ లైను పోతుంది. తాతల కాలంలో సరుకు రవాణా మొత్తం తమ చేతిలో ఉన్న జనం వ్యవసాయ కూలికి, అడవి అంచు సాగుకి దిగిపోయిన మార్పులో రైలుకి పెద్ద వాటా ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ల మీద వేసిన నేరస్థుల ముద్ర ఆ దెబ్బ మీద ఇంకో దెబ్బ. నిజాం రైల్వే గురించి గొప్పగా రాసేవాళ్లు ఈ భాగం వదిలేస్తుంటారు, వదలకూడదు.

అదే లైను వల్ల పెరిగిన ఊళ్లూ ఉన్నాయి. వరంగల్‌లో స్టేషన్ చుట్టూ వ్యాపారం విస్తరించింది, అధికార కేంద్రం హనుమకొండ అయితే సరుకు కేంద్రం వరంగల్ అయింది. కేసముద్రం, నెక్కొండ, జనగామ లాంటివి మార్కెట్ ఊళ్లుగా నిలబడ్డాయంటే దగ్గర్లో గూడ్స్ బండి ఆగడమే పెద్ద కారణం. ఘన్‌పూర్ అనే ఊరు ఏకంగా స్టేషన్ ఘన్‌పూర్ అయిపోయింది, అసెంబ్లీ నియోజకవర్గానికి కూడా అదే పేరు. వరంగల్‌లో పట్టాలకి అవతల ఉన్న శివనగర్, కరీమాబాద్, రంగశాయిపేట ప్రాంతాన్ని ఇప్పటికీ అండర్ రైల్వే గేట్ అనే పిలుస్తారు. డోర్నకల్ అయితే జంక్షన్ కావడం వల్లే పేరు తెచ్చుకున్న ఊరు. 1912లో వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయింది డోర్నకల్‌కే, అంత చిన్న ఊరు ఒక డయాసిస్‌కి, అంటే బిషప్ పరిధిలోని ప్రాంతానికి కేంద్రం కావడంలో రైలు సౌకర్యం పాత్ర తక్కువేమీ కాదు.

ఇంకో విషయం పెద్దగా ఎవరూ మాట్లాడరు. నిజాం రాజ్యంలో పట్టాల కింద ఉన్న నేల మీద నిజాం చట్టం పూర్తిగా చెల్లేది కాదు. రైల్వే భూముల మీద పోలీసు, కోర్టు అధికారం బ్రిటిష్ రెసిడెంట్ చేతికి పోయింది. స్టేషన్ ప్లాట్‌ఫారం దిగితే ఒక ప్రభుత్వం, ఎక్కితే ఇంకో ప్రభుత్వం అన్నమాట. దీని హద్దులేమిటో తేల్చిన కేసు ఒకటి అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు అయిన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. ముహమ్మద్ యూసుఫుద్దీన్ అనే హైదరాబాద్ పౌరుణ్ని సిమ్లా మేజిస్ట్రేట్ వారంటుతో హైదరాబాద్ రాజ్యంలోని ఒక రైల్వే స్టేషన్‌లో అరెస్టు చేశారు, ఆయన మీద ఉన్న ఆరోపణకీ రైల్వేకీ సంబంధం లేదు. నిజాం అప్పగించింది రైల్వే నిర్వహణకి అవసరమైన అధికారం మాత్రమే, దాన్ని అడ్డం పెట్టుకుని ఎవరినైనా పట్టుకుపోతామంటే కుదరదని 1897లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. మంచి తీర్పే. కానీ ఆ ప్రశ్న లండన్ దాకా వెళ్లాల్సి వచ్చిందంటేనే పట్టాలతో పాటు పెత్తనం ఎంత లోపలికి వచ్చిందో తెలుస్తుంది.

రెండో పెద్ద లైను నిజామాబాద్ వైపుది. హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా 19వ శతాబ్దం చివర్లో వేశారు. నడిపింది మళ్లీ ఈ కంపెనీయే. అవి కరువు సంవత్సరాలు, మరాఠ్వాడాలో జనం అల్లాడిపోతున్న రోజులు, ధాన్యం చేరవేయడానికీ పనులు కల్పించడానికీ లైను అవసరం నిజంగానే ఉంది. అయితే ఖర్చు తగ్గించడానికి మీటర్‌గేజ్ వేశారు. వాడి–బెజవాడ లైను బ్రాడ్‌గేజ్, పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. ఇది 1,000 మిల్లీమీటర్లు. ఒకే కంపెనీ, ఒకే రాజ్యం, కానీ ఒక లైను మీది బండి రెండో లైను మీదికి ఎక్కదు. నిజామాబాద్ నుంచి బయల్దేరిన బస్తా వరంగల్ చేరాలంటే సికింద్రాబాద్ దాకా పోయి, అక్కడ దింపి, ఇంకో బండికి ఎక్కించి పంపాలి. ఆ దింపుడు ఎక్కుడు ఖర్చు ఎప్పుడూ వ్యాపారి భరించలేదు, రైతు ధరలోంచి కోతపడింది. ఈ లైనంతా బ్రాడ్‌గేజ్ కావడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఇక చాందా. అఘోరనాథ్‌ని వెళ్లగొట్టి మరీ తెచ్చుకున్న ఒప్పందంలో ఉన్న ఆ ఉత్తరపు లైను ఏమైంది? వేయలేదు. బెజవాడ వైపు లైను, బొగ్గు కొమ్మ పూర్తయ్యాక కంపెనీకి ఉత్తరం మీద ఆసక్తి కనిపించలేదు. అడవి, మానేరు, గోదావరి, వార్ధా మీద పెద్ద పెద్ద వంతెనలు, దారిలో చిన్న ఊళ్లు. గ్యారంటీ ఉన్నా సరే అటు చూడలేదు. చివరికి 1920లలో పని సాగి 1929కి కాజీపేట నుంచి చాందా పక్కనున్న బల్లార్షా దాకా లైను పూర్తయింది, సుమారు 234 కిలోమీటర్లు. ఒప్పందం నుంచి లెక్కేస్తే 46 ఏళ్లు. అప్పుడైనా దాన్ని కదిలించింది రెండు విషయాలు. ఒకటి బెల్లంపల్లి చుట్టూ ఉన్న బొగ్గు. రెండోది ఢిల్లీ–మద్రాసు మధ్య నేరు దారి. అప్పటిదాకా ఉత్తరాది నుంచి మద్రాసుకి రైల్లో పోవాలంటే బొంబాయి లైను వైపు చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఈ లింకు పడగానే 1929లోనే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, జనం నోట్లో జీటీ, ఈ దారిన పరుగు మొదలుపెట్టింది. కాజీపేట రాత్రికి రాత్రి దేశంలోని ముఖ్యమైన జంక్షన్లలో ఒకటైంది.

ఇక్కడే మ్యాప్ ఒకసారి జాగ్రత్తగా చూడాలి. కాజీపేట నుంచి జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ మీదుగా లైను ఉత్తరానికి నేరుగా పోయింది. కరీంనగర్ దానికి పడమరగా, పెద్దపల్లి నుంచి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఉండిపోయింది. జిల్లా కేంద్రం, చుట్టూ బాగా పండే నేల, అయినా లైను అటు వంగలేదు. ఢిల్లీ నుంచి మద్రాసు పోయే బండికి కరీంనగర్‌తో పని లేదు, బొగ్గుకీ లేదు. ఆసిఫాబాద్‌కి ఇచ్చింది ఆసిఫాబాద్ రోడ్ అనే స్టేషన్, ఊరు వేరే చోట. కొత్తగూడెంలో బొగ్గు కోసం వేసిన స్టేషన్‌కి భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు, భద్రాచలం అక్కడి నుంచి నలభై కిలోమీటర్ల దూరం, మధ్యలో గోదావరి. శ్రీరామనవమికి వచ్చే భక్తుడు ఈ రోజుకీ అక్కడ దిగి బస్సెక్కాల్సిందే. స్టేషన్ పేరు చివర రోడ్ అని కనిపించిన ప్రతిచోటా ఒకటే అర్థం: లైను ఊరి కోసం రాలేదు, తన దారిన పోతూ ఊరికి దగ్గర్లో ఆగింది.

కాజీపేట–బల్లార్షా లైను పూర్తయిన మరుసటి ఏడాదే, 1930 ఏప్రిల్ 1న, హైదరాబాద్ ప్రభుత్వం కంపెనీ మొత్తాన్ని కొనేసింది. అప్పటి ఆర్థిక మంత్రి అక్బర్ హైదరీ దీనికి ముఖ్య కారకుడు. గ్యారంటీడ్ అన్న మాట పేరులోంచి పోయి నిజాం స్టేట్ రైల్వేగా మారింది. ఇరవై ఏళ్లు పూచీ పడి, వడ్డీ కట్టి, మళ్లీ ధర పెట్టి కొనుక్కోవాల్సి వచ్చిందన్నది బాధ కలిగించే విషయమే. అయినా కొనడం సరైన నిర్ణయమని తర్వాతి ఇరవై ఏళ్లు రుజువు చేశాయి. అంతవరకూ లండన్‌కి పోయిన లాభం ఖజానాకి రావడం మొదలైంది, ఇంకా ముఖ్యంగా, రైలు ఏ పనికి వాడాలన్న నిర్ణయం ఇక్కడికి వచ్చింది.

ఆ తేడా బస్సుల్లో బాగా కనిపిస్తుంది. 1932లో నిజాం రైల్వే తనకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ పెట్టింది, 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆర్టీసీ చరిత్ర మొదలయ్యేది అక్కడే. తెలంగాణ బస్సుల నంబర్‌లో చాలాకాలం కనిపించిన జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని జనంలో ప్రచారం ఉంది. పేరు సంగతి ఎలా ఉన్నా, ఆ ఏర్పాటు వెనక ఆలోచన గొప్పది. మిగతా దేశంలో ప్రైవేటు లారీలు, బస్సులు రైళ్లతో పోటీ పడి ఇద్దరూ నష్టపోతున్న రోజుల్లో ఇక్కడ రైలూ బస్సూ ఒకే యజమాని చేతిలో ఉన్నాయి, రైలు చేరని ఊళ్లని బస్సుతో స్టేషన్‌కి కలపొచ్చు. లండన్ కంపెనీకి ఆ ఆలోచన రాకపోవడం సహజం, ఎందుకంటే దాని బాధ్యత వాటాదారుల దగ్గర మొదలై వాటాదారుల దగ్గరే ఆగిపోయేది.

అదే దశాబ్దంలో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు, బోధన్‌లో నిజాం షుగర్స్, సిర్పూర్‌లో కాగితం మిల్లు వచ్చాయి. మూడూ రైలు పట్టాలని ఆనుకుని వచ్చినవే, మూడింటికీ బొగ్గు, ముడిసరుకు రైల్లోనే రావాలి. పట్టాలు అంతకు ముందూ ఉన్నాయి, బొగ్గూ ఉంది, పత్తీ ఉంది. అయితే కంపెనీ రోజుల్లో పత్తి బేళ్లు బొంబాయికి పోయి గుడ్డగా తిరిగి వచ్చేవి. ఫ్యాక్టరీలు ఇక్కడే పెట్టాలన్న పట్టుదల ప్రభుత్వానికి వచ్చాక, రైల్వే కూడా తన చేతిలోనే ఉంటే ఎంత తేడా వస్తుందో ఆ పదేళ్లు చూపించాయి. 1930ల హైదరాబాద్ ప్రజాస్వామ్యం కాదు, ఊళ్లలో దొరల వెట్టి అలాగే ఉంది, రైతుకి ఒరిగింది తక్కువే. ఆ మాట ఒప్పుకుంటూనే ఈ తేడాని గుర్తించాలి.

సైనిక చర్య తర్వాత నిజాం రైల్వే కేంద్రం చేతికి పోయి, 1951 నవంబర్ 5న బొంబాయి కేంద్రంగా ఏర్పడిన సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. బస్సులు రాష్ట్రం వైపు వచ్చాయి, 1958లో ఆర్టీసీ కార్పొరేషన్ అయింది. ఒకే ఇంటి బిడ్డలు విడిపోయినట్టు రైలూ బస్సూ అప్పుడు విడిపోయాయి, మళ్లీ ఎప్పుడూ ఒక లెక్కలోకి రాలేదు. పదిహేనేళ్లు సికింద్రాబాద్ డివిజన్ బొంబాయి నుంచి నడిచింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడ్డాక గానీ జోన్ స్థాయి నిర్ణయాలు ఇక్కడికి తిరిగి రాలేదు, బడ్జెట్ అప్పటికీ ఇప్పటికీ ఢిల్లీదే. 1980లలో కాజీపేటకి వస్తుందనుకున్న కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకి పోయింది. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కి శంకుస్థాపన జరిగింది 2023 జులైలో. ఒక తరం రైల్వే కార్మికులు ఆ ఆశతోనే రిటైరయ్యారు.

కరీంనగర్ విషయానికి వస్తే, పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ లైనుకి పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993లో పునాది పడింది, దాదాపు 177 కిలోమీటర్ల ఆ లైను పూర్తయింది 2017లో. నిజాం రైల్వే వేసిన రెండు లైన్లు, ఒకటి నిజామాబాద్ మీదుగా, ఇంకోటి పెద్దపల్లి మీదుగా, ఉత్తర తెలంగాణలో దాదాపు తొంభై ఏళ్లు ఒకదాని మొహం ఒకటి చూడకుండా నడిచాయి. అన్నాళ్లూ నిజామాబాద్ మనిషి రైల్లో వరంగల్ రావాలంటే సికింద్రాబాద్ చుట్టి రావాల్సి వచ్చేది. ఆదిలాబాద్ పట్టణానికి రైలు ఇప్పటికీ మహారాష్ట్రలోని ముద్ఖేడ్ వైపు నుంచే వస్తుంది. ఆర్మూర్, నిర్మల్ మీదుగా నేరుగా లైను కావాలని అక్కడి జనం ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు.

అడిగినప్పుడల్లా వచ్చే సమాధానం రేట్ ఆఫ్ రిటర్న్. పెట్టిన డబ్బు మీద ఎంత శాతం తిరిగి వస్తుందన్న లెక్క. బొగ్గు ఉన్న చోట ఆ లెక్క వెంటనే సరిపోతుంది, అందుకే కాజీపేట–బల్లార్షా మధ్య మూడో లైనుకి డబ్బు దొరుకుతుంది. జనం, పంట, ఆసుపత్రి, కాలేజీ అవసరాలు మాత్రమే ఉన్న చోట సరిపోదు. మనోహరాబాద్ నుంచి సిద్దిపేట మీదుగా కరీంనగర్ పక్కనున్న కొత్తపల్లికి వేస్తున్న లైను దీనికి మంచి ఉదాహరణ. 2016లో పునాది వేసిన ఈ లైను కదలాలంటే రాష్ట్ర ప్రభుత్వం భూమి ఉచితంగా ఇవ్వాలి, ఖర్చులో మూడో వంతు భరించాలి, నడిపాక మొదటి ఐదేళ్ల నష్టం కూడా పూడ్చాలి అన్న షరతుల మీద ఒప్పందం కుదిరింది. 2023లో సిద్దిపేటకి రైలు వచ్చింది, సంతోషమే. కానీ నష్టం వస్తే స్థానిక ఖజానా కట్టాలన్న షరతు మాత్రం 1883 నాటి గ్యారంటీకి దగ్గరి చుట్టమే, వడ్డీ బదులు నడిపే నష్టం, లండన్ బదులు ఢిల్లీ.

ఒక్క తేడా మాత్రం చాలా పెద్దది. ఈ షరతులు ఇప్పుడు పార్లమెంటులో ప్రశ్న వేస్తే బయటికొస్తాయి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే కాగితం చేతికి వస్తుంది, అడిగినందుకు ఎవరినీ రాష్ట్రం దాటించరు. కాబట్టి కొత్త లైను ప్రకటన వచ్చినప్పుడల్లా ఎప్పుడు పూర్తవుతుందన్న ప్రశ్నతో పాటు ఇంకో మూడు అడగాలి: రాష్ట్రం వాటా ఎంత, నష్టం పూచీ ఎన్నేళ్లు, రేట్ ఆఫ్ రిటర్న్ లెక్కలో ఏ సరుకు, ఎంతమంది ప్రయాణికులు కలిపారు. ఆదిలాబాద్–నిర్మల్–ఆర్మూర్ లైను మీద జిల్లా ప్రతినిధులని ఈసారి అడగాల్సింది సరిగ్గా ఈ మూడు అంకెలే.